55 శాతం ఫాస్ట్, 26 శాతం ఎక్కువ పని, 19 శాతం స్లో: మూడు లెక్కలూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయి?

ఏఐ వాడితే కోడింగ్ సగం టైంలో అయిపోతుందని ఒక ఫార్వర్డ్ వస్తుంది, రెండు రోజులు పోయాక ఏఐ వాడినోళ్ళే లేటుగా చేశారంట అని ఇంకోటి వస్తుంది, రెండింటి కిందా "రీసెర్చ్‌లో తేలింది" అనే ఉంటుంది. నెల్లూరులోనో ఒంగోల్లోనో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే కుర్రోళ్ళకీ, ఇంజినీరింగ్ ఫైనలియర్ పిల్లల్ని ఇంకో కోర్సులో చేర్పించాలా వద్దా అని చూసే తల్లిదండ్రులకీ ఇదో పెద్ద గందరగోళం. ఎవరో ఒకళ్ళు అబద్ధం చెప్తున్నారు అనుకుంటే తేలిగ్గా తేలిపోద్ది గానీ, చూస్తే మూడూ పద్ధతిగా కొలిచిన లెక్కలే. కొలిచిన చోటు వేరు, అంతే.

క్లుప్తంగా: సాఫ్ట్‌వేర్ తయారీలో ఏ పద్ధతి పనికొస్తుందో ఊహలతో కాకుండా కొలిచి తేల్చే పనిని ఎంపిరికల్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ రీసెర్చ్ అంటారు. ల్యాబ్‌లో చేస్తే లెక్క శుభ్రంగా వస్తుంది గానీ ఆఫీసుకి అతకదు. ఆఫీసులో చేస్తే అతుకుతుంది, కానీ లోపలికి రానివ్వడం దగ్గర, డేటా దగ్గర, ఉద్యోగుల భయం దగ్గర, బయటికి చెప్పనివ్వడం దగ్గర లెక్క వంకర పోతుంది. పేరున్న స్టడీలు ఎక్కువగా పెద్ద కంపెనీలవి, పది మంది ఉండే ఊరి ఆఫీసుకి వాటిని ఉన్నవున్నట్టు తగిలించడం కష్టం.

మూడు లెక్కలు, మూడు చోట్లు

మొదటిది 55.8 శాతం. గిట్‌హబ్ కోపైలట్ అనే కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్ మీద 2022లో చేసిన ఎక్స్‌పెరిమెంట్, పేపర్ 2023లో వచ్చింది. అప్‌వర్క్ అనే ఫ్రీలాన్సింగ్ సైట్ నుంచి 95 మందిని తీసుకుని, జావాస్క్రిప్ట్‌లో చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ ఒకటి రాయమన్నారు, దాదాపు సగం మందికి కోపైలట్ ఇచ్చారు, మిగతావాళ్ళకి ఇవ్వలేదు. టూల్ ఉన్నోళ్ళకి సగటున 71 నిమిషాలు పట్టింది, లేనోళ్ళకి 161. పాత కోడ్ లేదు, క్లయింట్ లేడు, తప్పులు పట్టే సీనియర్ లేడు, ఖాళీ ప్లాటులో పునాది తీసినట్టు.

రెండోది 26 శాతం. మైక్రోసాఫ్ట్, యాక్సెంచర్, ఇంకో పెద్ద కంపెనీ, ఈ మూడు చోట్లా మామూలు ఉద్యోగం చేసుకుంటున్న 4,867 మంది డెవలపర్ల మీద చేసిన ఫీల్డ్ ఎక్స్‌పెరిమెంట్లు, 2024లో బయటికొచ్చాయి. ఇక్కడ నిమిషాలు కొలవలేదు. వారానికి ఎన్ని పుల్ రిక్వెస్టులు పెట్టారు, అంటే ఎన్ని మార్పులు చేసి జమ చేశారు అని లెక్కేశారు, టూల్ వాడినోళ్ళలో అది 26.08 శాతం పెరిగింది. స్టాండర్డ్ ఎర్రర్ 10.3, అంటే అసలు ప్రభావం 10 శాతం దగ్గర ఉన్నా 40 దగ్గర ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫార్వర్డుల్లో 26 ఒక్కటే ఉంటుంది, పక్కనున్న 10.3 దార్లో ఎక్కడో రాలిపోతుంది. ఆ మూడో కంపెనీ పేరు పేపర్లో కూడా లేదు.

మూడోది మైనస్ 19. మెటర్ అనే సంస్థ 2025లో చేసింది. పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న 16 మంది అనుభవజ్ఞులు, వాళ్ళ సొంత ప్రాజెక్టుల్లోంచే 246 పనులు, ఒక్కో పనికీ ఏఐ వాడొచ్చా వాడకూడదా అనేది లాటరీలో తేల్చారు. మొదలుపెట్టకముందు వాళ్ళే 24 శాతం టైం ఆదా అవుతుందన్నారు. అంతా అయ్యాక అడిగితే 20 శాతం ఆదా అయ్యిందన్నారు. గడియారం మాత్రం 19 శాతం ఎక్కువ టైం పట్టిందని చెప్పింది.

ఈ మూడోదాంట్లో అందరూ ఆ 19 దగ్గర ఆగిపోతారు గానీ అసలు సరుకు ఆ 20 దగ్గర ఉంది. పని చేసినోడు, తను చేసిన పనికి, చేసిన కొన్నాళ్ళకే, టైం ఎటు పోయిందో కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. కొత్త టూల్ కొన్నాక ఉద్యోగులకి ఒక గూగుల్ ఫారం పంపించి "మీకు ఉపయోగపడిందా, ఎంత శాతం" అని అడిగి, వచ్చిన జవాబుల్ని స్లైడ్‌లో పెట్టడం ఆఫీసుల్లో మామూలే కదా, ఆ స్లైడ్‌కి ఎంత విలువ ఇవ్వాలో ఈ ఒక్క తేడా చెప్తుంది.

స్టేషన్ మడి, రైతు మడి

నెల్లూరు జిల్లాలో వరి వేసే ఇళ్ళకి ఈ గొడవ కొత్తేం కాదు. నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఎన్‌ఎల్‌ఆర్ 34449 లాంటి రకాలు పుట్టాయి, కానీ ఏ కొత్త వంగడాన్నీ స్టేషన్ మడిలో దిగుబడి బాగుందని నేరుగా రిలీజ్ చెయ్యరు, మినీకిట్లు అని సంచులిచ్చి రైతుల పొలాల్లో వేయించి చూస్తారు. స్టేషన్‌లో నీళ్ళు టైంకి పెడతారు, ఎరువు కొలత ప్రకారం పడుద్ది, కలుపు ఎప్పటికప్పుడు తీస్తారు. రైతు దగ్గర సోమశిల నీళ్ళు కాలవ చివరికి ఎప్పుడందుతాయో, నాట్లకి కూలోళ్ళు ఏ వారం దొరుకుతారో, పక్క చేలో మందు ఎప్పుడు కొడతారో, ఏదీ చేతిలో ఉండదు. అక్కడ కూడా నిలబడితేనే అది రకం కింద లెక్క.

సాఫ్ట్‌వేర్‌లో ఈ మినీకిట్ దశని చాలాకాలం దాటేశారు. 1993 నుంచి 2002 వరకు వచ్చిన పేపర్లలో కంట్రోల్డ్ ఎక్స్‌పెరిమెంట్లు ఏవున్నాయో నార్వే పరిశోధకులు ఏరి చూస్తే, ఐదు వేల పైచిలుకు పేపర్లలో 103 పేపర్లలోనే అవి ఉన్నట్టు తేలింది, వాటిల్లో పాల్గొన్న మనుషుల్లో 87 శాతం స్టూడెంట్లు, 9 శాతం మాత్రమే ఉద్యోగం చేసేవాళ్ళు. కారణం తెలిసిందే, స్టూడెంట్లు చేతికి అందుబాటులో ఉంటారు, మార్కులుంటాయి, ల్యాబ్ పీరియడ్ ఉంటుంది. ఒంగోలు ట్రిపుల్ ఐటీ లాంటి చోట ఒక క్లాసుని రెండుగా చేసి రెండు పద్ధతులు పోల్చడానికి ఒక మధ్యాహ్నం చాలు. కంపెనీలో అదే పని చెయ్యాలంటే రెండు టీములు ఒకే ప్రాజెక్టుని రెండుసార్లు కట్టాలి, రెండోదానికి డబ్బులు ఎవరు పెడతారు.

పెట్టినోళ్ళు లేకపోలేదు. నార్వేలోని సిమూలా రీసెర్చ్ ల్యాబ్ ఒకే సిస్టమ్‌కి టెండర్ పిలిచి, కొటేషన్లు పంపిన 35 కంపెనీల్లోంచి 4 కంపెనీలకి విడివిడిగా ఇచ్చి, నాలుగూ ఎట్లా కట్టాయో పోల్చింది. అదే ల్యాబ్ వాళ్ళు పెయిర్ ప్రోగ్రామింగ్ మీద, అంటే ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాసే పద్ధతి మీద, 29 కన్సల్టింగ్ కంపెనీల నుంచి 295 మందిని ఒక్కరోజుకి కూలి కట్టి తెచ్చుకున్నారు. 2007లో ఫలితం వచ్చింది: మొత్తం మీద చూస్తే మనిషి-గంటల ఖర్చు 84 శాతం పెరిగింది, తప్పులు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. విడదీసి చూస్తే కథ మారుతుంది, చిక్కుగా ఉన్న సిస్టమ్ మీద సరైన జవాబులు 48 శాతం పెరిగాయి, తేలిక సిస్టమ్ మీద టైం 20 శాతం తగ్గింది. ఒకే స్టడీలోనే ఏ మడిలో కొలిచామన్నదాన్ని బట్టి లెక్క ఇట్లా తిరిగిపోతుంటే, మూడు వేరు వేరు స్టడీల్లో మూడు లెక్కలు రావడం వింతేం కాదు.

కంపెనీనే ల్యాబ్‌గా చేసుకోవాలనే ఆలోచన కూడా కొత్తది కాదు. 1976లో నాసా గొడార్డ్ సెంటరూ, మేరీలాండ్ యూనివర్సిటీ, కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్ కలిసి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ల్యాబొరేటరీ పెట్టారు, ఉపగ్రహాల కోసం కోడ్ రాసే టీముల పక్కనే ఉండి పాతికేళ్ళ దాకా గంటలు, తప్పులు, మార్పులు రాసుకుంటూ పోయారు. విక్టర్ బసిలీ చెప్పిన గోల్-క్వశ్చన్-మెట్రిక్ పద్ధతి ఆ పని చుట్టూనే పెరిగింది: ముందు దేనికి కొలుస్తున్నారో తేల్చుకో, దానికి ప్రశ్నలు రాసుకో, ఆ తర్వాతే ఏం కొలవాలో చూడు. చాలా చోట్ల ఇది తలకిందులుగా నడుస్తుంది, జిరాలో, అంటే టీం పనుల చిట్టా రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో, ఏ నంబర్ ఈజీగా వస్తే అదే లక్ష్యం అయిపోద్ది.

గేటు దాటడమే సగం పని

కంపెనీలోకి పరిశోధకుడు వెళ్ళాలంటే యజమాని సరేనంటే సరిపోదు. ఆయన సరేనన్నాక లీగల్ వాళ్ళు ఒప్పందం కాగితం పంపిస్తారు, అది తిరిగొచ్చేసరికి నెలలు, ఆ తర్వాత టీం లీడ్ "రిలీజ్ అయ్యాక చూద్దాం సార్" అంటాడు, రిలీజ్ ఎప్పుడూ వచ్చే నెలే. ఇంతా చేసి లోపల సాయం చేసే మనిషి ఒకడు దొరికితే, సరిగ్గా ఆరు నెలలకి అతను ఇంకో కంపెనీకి పోతాడు, అతనితోపాటే ఆ స్టడీ కూడా పోతుంది. పీహెచ్‌డీకి మూడు నాలుగేళ్ళ టైం, కంపెనీకి మూడు నెలల క్వార్టర్, రెండు క్యాలెండర్లూ ఎక్కడా కలవవు.

గేటు దాటనిచ్చేది ఎవరన్నది కూడా లెక్కని మారుస్తుంది. అంతా గందరగోళంగా నడిచే ఆఫీసు బయటివాళ్ళని ఎందుకు పిలుస్తుంది, కాస్త పద్ధతిగా ఉన్నోళ్ళే పిలుస్తారు. రొయ్యల చెరువులో వల ఎక్కడ విసిరితే అక్కడి కౌంటే వస్తుంది, ఆ ఒక్క మూల చూసి చెరువంతా అదే సైజు అనుకుని రేటు మాట్లాడితే పట్టుబడి రోజు తెలుస్తుంది.

ఇక బయటికి చెప్పడం. తప్పుల సంఖ్య అంటే కంపెనీకి పరువు, దాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యనివ్వరు. దీనికి మంచి ఉదాహరణ 2008లో వచ్చిన టెస్ట్-డ్రివెన్ డెవలప్‌మెంట్ స్టడీ, అంటే ముందు టెస్టు రాసి ఆ తర్వాత కోడ్ రాసే పద్ధతి. ఐబీఎంలో ఒక టీం, మైక్రోసాఫ్ట్‌లో మూడు టీములు. పోల్చిన టీముల తప్పుల సాంద్రతకి డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ అని అక్షరాలు పెట్టేసి, కొత్త పద్ధతి టీములవి 0.61 డబ్ల్యూ, 0.38 ఎక్స్, 0.24 వై, 0.09 జెడ్ అని రాశారు. అంటే తప్పులు దాదాపు 40 నుంచి 90 శాతం తగ్గాయి, మంచిదే, కానీ డబ్ల్యూ అసలు ఎంత? వెయ్యి లైన్లకి ఒకటా పదా? చెప్పలేదు. వై, జెడ్ కంటే పెద్దదా చిన్నదా, అదీ తెలీదు. వంద కేజీల నుంచి తగ్గి అరవై అయిందా, పది కేజీల నుంచి తగ్గి ఆరయిందా తెలియకుండా "40 శాతం తగ్గింపు" బోర్డు చూసినట్టు.

అందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తప్పులు రికార్డుల్లోంచి లెక్కేసినవి, కానీ "మొదట్లో టైం 15 నుంచి 35 శాతం ఎక్కువ పట్టింది" అన్నది టీం మేనేజ్‌మెంట్ చెప్పిన అంచనా. ఒకటి తూకం, ఒకటి చేత్తో ఎత్తి చూసిన బరువు. మెటర్ స్టడీలో జనం సొంత టైం గురించి చెప్పింది ఎంత తేడాగా వచ్చిందో చూశాక ఈ రెండు లెక్కల్నీ ఒకే నమ్మకంతో చదవడం కుదరదు. అట్లాగని ఆ స్టడీని పక్కన పడెయ్యక్కర్లేదు, నిజమైన ప్రాడక్టుల మీద అంత దగ్గరగా చూసినవి తక్కువ.

శనివారం సాయంత్రం మూసిన టికెట్లు

లోపలికి పోయాక డేటా చేతికొస్తుంది, అసలు ఇబ్బంది అక్కడ మొదలు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మేడ మీద ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉందనుకుందాం, ఎనిమిది మంది, మేత షాపులకీ స్కూళ్ళకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి పెడతారు. ఇది ఊహించుకున్న ఆఫీసే గానీ ఇట్లాంటి ఆఫీసులో పనిచేసినోళ్ళకి కిందిదంతా చూసినట్టే ఉంటుంది.

పరిశోధకుడు ఏడాది టికెట్లు, అంటే ఒక్కో ఫిర్యాదుకీ సిస్టమ్‌లో తెరిచిన నమోదులు, ఎక్సెల్‌లో తెచ్చుకుని ఒక్కో తప్పు సరిచెయ్యడానికి ఎంతసేపు పట్టిందో లెక్క తీస్తాడు. సగటు నాలుగు రోజులు. గ్రాఫ్ గీస్తే టికెట్లలో ఎక్కువ భాగం శనివారం సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్యలో మూసుకున్నాయి. శనివారం సాయంత్రం ఈ కుర్రోళ్ళకి అంత ఊపు ఎక్కడిదో అనుకుంటాం, కానీ సోమవారం రివ్యూ ఉంది కాబట్టి లీడ్ కూర్చుని వారం అంతా అయిపోయిన వాటిని ఒకేసారి టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాడు. కొన్ని మంగళవారమే అయిపోయాయి. కొన్ని ఇంకా అవ్వలేదు గానీ మూసేశాడు, మళ్ళీ ఫోనొస్తే కొత్త టికెట్ తెరుస్తారు. మొదలు కూడా అంతే, షాపాయన ఉదయం తొమ్మిదికి "అన్నా, ప్రింట్ రావట్లా, ఇక్కడ జనం నిలబడున్నారు" అని ఫోన్ చేస్తాడు, కుర్రోడు ఎనీడెస్క్‌తో ఇక్కణ్ణుంచే షాపు కంప్యూటర్లో దూరి పావుగంటలో సరిచేస్తాడు, సాయంత్రం గుర్తొస్తే టికెట్ రాస్తాడు, గుర్తు రాకపోతే లేదు. అంటే సిస్టమ్‌లో ఉన్న నాలుగు రోజులు అనే సగటు తప్పు సరిచేసిన టైం కాదు, లీడ్ తీరిక చేసుకున్న టైం.

పెద్ద చోట్ల ఇట్లా ఉండదులే అనుకోవడానికీ లేదు. 2013లో జర్మనీ పరిశోధకులు ఐదు ఓపెన్ సోర్స్ జావా ప్రాజెక్టుల్లో ఏడు వేల పైన రిపోర్టుల్ని ఒక్కొక్కటీ చేత్తో చదివి చూస్తే, "బగ్" అని రాసి ఉన్నవాటిలో 33.8 శాతం బగ్గులే కావు, కొత్త ఫీచర్ అడగడమో, డాక్యుమెంట్ సరిచెయ్యమనడమో. తప్పులున్నాయని గుర్తేసిన ఫైళ్ళలో 39 శాతానికి ఎప్పుడూ ఒక్క తప్పు కూడా లేదు. అట్లాంటి డేటా మీద మోడల్ కట్టి ఏ ఫైల్లో తప్పొస్తుందో జోస్యం చెప్తే ఎంతవరకు నిలబడుతుంది?

అందుకే కంపెనీల్లో కేస్ స్టడీ చేసేవాళ్ళకి ఒక రూలు ఉంది, ఒకే విషయాన్ని కనీసం రెండు మూడు దారుల్లో చూడాలి. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ నుంచి రునెసన్, హోస్ట్ 2009లో రాసిన గైడ్‌లైన్స్ ఈ రంగంలో చేతిపుస్తకం లాంటివి, అందులోనూ ఇది గట్టిగా చెప్తారు: రికార్డు చూడు, మనిషిని అడుగు, పక్కన కూర్చుని గమనించు. పై ఆఫీసులో రెండు శనివారాలు సాయంత్రం పూట కుర్చీ వేసుక్కూర్చుంటే ఎక్సెల్ చెప్పని సంగతి బయటపడుతుంది, పైన చెప్పిన లీడే ఒక టీ తాగుతూ చెప్పేస్తాడు కూడా, అదేం రహస్యం కాదు, ఎవరూ అడగలేదంతే.

వరికి తెలీదు, డెవలపర్‌కి తెలుసు

రాండమైజేషన్ పద్ధతిని ఒక శాస్త్రంగా నిలబెట్టింది పొలం పనే. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వెయ్యాలో లాటరీలో తేల్చాలి, లేకపోతే మంచి మడి ఏదో చెడ్డ మడి ఏదో మన పక్షపాతం దూరుతుందని చూపించాడు. కాకపోతే వరికి తనని కొలుస్తున్నారని తెలీదు.

మనుషుల దగ్గర ఈ ఇబ్బందికి హాథార్న్ ఎఫెక్ట్ అని పేరు. షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా లైట్ల వెలుతురు, విరామాలు మార్చి చూశారు, ఏం మార్చినా పని పెరిగింది, ఎవరో తమని పట్టించుకుంటున్నారన్న ఊపే కారణమని చెప్పుకుంటూ వచ్చారు. తమాషా ఏందంటే, ఆ పాత డేటాని తర్వాత తవ్వి చూసినోళ్ళు అంత పెద్ద ప్రభావం అందులో లేనే లేదన్నారు. పేరు మాత్రం నిలిచిపోయింది.

మన ఆఫీసుల్లో ఊపు కంటే భయం పాలు ఎక్కువ. "మీ ఇష్టం ఉంటేనే పాల్గొనండి" అని ఫారం ఇచ్చేది మేనేజర్, పక్కనే నిలబడేది మేనేజర్, అప్రైజల్ రాసేది మేనేజర్, సంతకం పెట్టనని అనే ఫ్రెషర్ ఎవడు? ఆ సంతకాన్ని సమ్మతి అనడానికి నోరు రాదు. పైగా ఒకసారి టికెట్ల సంఖ్యని బట్టి మంచీచెడ్డా తేలుస్తారని వాసన పడితే చాలు, ఒక పనిని ఐదు టికెట్లుగా చీలుస్తారు. కొలతని లక్ష్యంగా పెట్టుకుంటే అది కొలతగా పనికిరాకుండా పోతుందని చెప్పే గుడ్‌హార్ట్ సూత్రం 1975లో ఇంగ్లండ్ ద్రవ్య విధానం గురించి పుట్టింది గానీ జిరా బోర్డుకి కొలిచి కుట్టినట్టు సరిపోద్ది. 26 శాతం పుల్ రిక్వెస్టులు పెరిగాయన్న చోట కూడా ఈ అనుమానం కొంత ఉంచుకోవాలి, పని పెరిగిందా, పని ముక్కలు చిన్నవయ్యాయా అన్నది ఆ ఒక్క సంఖ్యలో కనపడదు.

చట్టం ఇక్కడ కొంత దారి చూపిస్తుంది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో రీసెర్చ్‌కి, గణాంకాలకి మినహాయింపు ఉంది, షరతు ఏందంటే ఆ డేటాతో ఆ మనిషి మీద విడిగా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. అంటే స్టడీకని తీసుకున్న లెక్కల్ని తీసుకెళ్ళి ఇంక్రిమెంట్ దగ్గర వాడితే ఆ గొడుగు ఉండదు. కాబట్టి పేర్లు తీసేసిన కాపీ పరిశోధకుడి దగ్గర, పేర్లకీ నంబర్లకీ జోడీ పట్టిక ఎవరికీ అందని చోట, కంపెనీకి ఇచ్చే రిపోర్టులో టీం మొత్తం లెక్క మాత్రమే ఉండటం మంచిది. ఎనిమిది మంది ఆఫీసులో ఇది కూడా చాలదు, "టెస్టింగ్ చేసే ఒక ఉద్యోగి" అంటే ఎవరో వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

ఎనిమిది మంది ఉన్నచోట ఏం కొలుస్తారు

మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టా మీద 2009లో ఒక స్టడీ వచ్చింది, వేరు వేరు చోట్ల కూర్చున్న టీములు చేసిన భాగాలకీ ఒకే చోట చేసిన భాగాలకీ ఫెయిల్యూర్లలో పెద్ద తేడా లేదని. దాన్ని చూపించి ఒంగోల్లో ముగ్గురు, హైదరాబాద్‌లో ఇద్దరు ఉన్న కంపెనీ "దూరం సమస్యే కాదంట" అనుకుంటే ఇబ్బందే. విస్టా వెనక ఉన్న టూల్సు, టెస్టింగ్ టీములు, రూల్సు అన్నీ కలిస్తే ఆ ఫలితం. దిగుబడి లెక్క తెచ్చుకుని కాలవని అక్కడే వదిలేసి వస్తే ఎట్లా?

చిన్న ఆఫీసు తన లెక్క తను తీసుకోవచ్చు, కానీ మనుషుల్ని రెండు గుంపులు చెయ్యడం కుదరదు, ఎనిమిది మందిలో ఒక మంచి ప్రోగ్రామర్ ఎటు పడితే అటే గెలుస్తుంది. మెటర్ వాళ్ళు చేసినట్టు పనుల్ని పంచొచ్చు, టికెట్ వచ్చినప్పుడల్లా నాణెం ఎగరేసి, బొమ్మయితే ఏఐతో, బొరుసయితే లేకుండా. నాణెం ఎగరెయ్యకముందే ఈ టికెట్‌కి ఎంత టైం పట్టుద్దో ఒక అంకె రాసుకోవాలి, ఎగరేశాక రాస్తే అంకె కూడా వంగుతుంది. మూడు నెలల్లో రెండొందల టికెట్లు వస్తే కొంచెం రూపం కనపడొచ్చు, ఇరవై వస్తే ఏమీ తేలదు, తేలదని ఒప్పుకోవడం కూడా ఫలితమే.

కొత్త పద్ధతికి ముందు, తర్వాత అని పోల్చేటప్పుడు క్యాలెండర్ చూడకపోతే మోసపోతారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి జీఎస్టీ రిటర్నులు వేసే 20వ తారీఖు ముందు రోజుల్లో ఫోన్లు మోగిపోతుంటాయి, స్కూల్ ఫీజుల సాఫ్ట్‌వేర్‌కి జూన్ వస్తే ఊపిరాడదు, ఒంగోలు వైపు కస్టమర్లుంటే పొగాకు వేలం నడిచే నెలలు వేరు, అయిపోయిన నెలలు వేరు. జూన్‌లో పాత పద్ధతి, సెప్టెంబర్‌లో కొత్త పద్ధతి పెట్టి కంప్లయింట్లు సగానికి తగ్గాయంటే ఆ ఘనత స్కూళ్ళ క్యాలెండర్‌దే.

ఆ మాగుంట లేఅవుట్ ఆఫీసులో ఫోను పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది, ఫోనెత్తే అమ్మాయి ఎవరు, ఎన్నింటికి, ఏం రావట్లేదని చేశారో రాస్తుంది, సరయ్యాక మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుని పక్కన టిక్కు పెట్టి టైం వేస్తుంది, లేకపోతే తనే తిట్లు తినాలి కాబట్టి. తప్పు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు నిజంగా తీరింది అన్న రెండు టైములూ ఉన్నది ఆ పుస్తకంలోనే. లీగల్ వాళ్ళు సంతకం పెట్టిన ఒప్పందంలో మాత్రం "టికెట్ డేటా ఎక్స్‌పోర్ట్" అని ఉంటుంది, నోట్‌బుక్ ఊసు ఉండదు, అందులో షాపు వాళ్ళ ఫోన్ నంబర్లు ఉన్నాయి కాబట్టి అట్లాగే ఫొటో తీసుకోవడానికీ లేదు. నంబర్లు, పేర్లు వదిలేసి టైములు మాత్రం వేరే కాగితం మీద ఎక్కించాలి, రోజుకి రెండు పేజీలు, ఏడాదికి ఆరొందలు దాటుతాయి, చేత్తోనే.